గుంటకో చుక్క

పొద్దున ఆరున్నర. సూర్యాపేట బస్టాండు దగ్గర చాయ్ గ్లాసు పక్కకు జరిపి లాప్‌టాప్ తెరిచాను. మీరూ ఇటు వచ్చి కూర్చోండి. తెర మీద ఉన్నది సెంటినల్-2 ఉపగ్రహం 786 కిలోమీటర్ల ఎత్తు నుంచి తీసిన చిత్రం. ఈ నల్లటి మరక మూసీ ప్రాజెక్టు నీళ్లు. ఈ సన్నని గీత విజయవాడ హైవే. ఇంకాస్త దగ్గరికి లాగండి. పొలాలు మాయమై ఆకుపచ్చ గడులు మిగులుతాయి.

ఒక్కో గడి పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. వంద చదరపు మీటర్లు. మన గుంట 33 అడుగులకు 33 అడుగులు, 121 గజాలు. రెండూ దాదాపు ఒకటే! పైనున్న కంటికి మన గుంట ఒక్క చుక్క, ఎకరం నలభై చుక్కలు. ఈ లెక్క మొదటిసారి తట్టిన రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

1988లో మన ఐఆర్ఎస్-1ఎ పైకి వెళ్లినప్పుడు అందులోని లిస్-1 కెమెరాకు ఒక చుక్క అంటే 72.5 మీటర్లు. ఎకరం పన్నెండు గుంటలు కలిసి ఒకే రంగు. 2019 నవంబరులో వెళ్లిన కార్టోశాట్-3కి చుక్క జానెడు మీద కాస్త. అదే గుంట దానికి పదహారు వందల చుక్కలు. మరి అందరికీ అదే చూపిస్తే పోలేదా? అది ఒక్కసారికి చూసే పట్టీ 16 కిలోమీటర్లే. సెంటినల్-2 చూసేది 290. జంట ఉపగ్రహాలు అయిదు రోజులకోసారి మళ్లీ మన పొలం మీదికి వస్తాయి, చిత్రాలు ఎవరికైనా ఉచితం. అందుకే ఈ మసక చిత్రాన్నే పదును పెట్టాలన్న తాపత్రయం. పదండి, పోదాం.

మునగాల దాటి నడిగూడెం మండలంలోకి తిరిగాం. కాగిత రామచంద్రాపురం. 2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకు సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది ఇక్కడే. కోదాడ వీధులు నీట మునిగింది కూడా ఆ వానకే. అలాంటి రోజున మామూలు కెమెరాకు, ఎంత పదునైనదైనా, కనిపించేది మబ్బు ఒక్కటే. మబ్బును చీల్చుకుని నీటిని పట్టేది రాడారు. మన రాడారు ఉపగ్రహం ఈఓఎస్-04 ఇలాంటి పనుల కోసమే 2022లో వెళ్లింది.

కోదాడ ఇవతల ఒక పొలం గట్టున దిగాం. వరి పాలు పోసుకుంటోంది, చెప్పుల కింద బురద జారుతోంది. తెర మీద ఇక్కడ ఒక చుక్క పాలిపోయి ఉంది. ఎందుకో చూడండి: ఆ గుంటలోనే బోరు కాడి రేకుల పెట్టె ఉంది, రెండు తాటి చెట్లు ఉన్నాయి, కాలిబాట ఉంది, మిగిలింది వరి. అన్నీ కలిసి ఒకే రంగై పైకి చేరాయి. ఆ కలగలుపును విడదీయడమే అసలు చిక్కు.

ఇప్పుడు రెండో చిత్రం. కృత్రిమ మేధతో పది మీటర్లను రెండున్నరకు దించినది. ఒక చుక్క పదహారైంది. గెట్టు అద్దంలా మెరుస్తోంది, దారం పట్టి గీసినట్టు. పొలం ఆసామి వంగి చూశాడు.

"గెట్టు గిట్ల తిన్నగ పోయిందేంది సారూ? తాళ్ల కాడ వంకర తిరుగుతది గద! గీ లెక్కన అర గుంట పక్కోనికి పాయె."

తలెత్తి చూస్తే గెట్టు నిజంగానే తాళ్ల చుట్టూ వంపు తిరిగి ఉంది. యంత్రం అబద్ధమాడాలని ఆడలేదు. వేల పొలాలు చూసి, గెట్టు ఇలా ఉంటుందని నేర్చుకుంది, నేర్చుకున్నదే ఇక్కడా గీసింది. కొలిచింది ఒక్క అంకె, రాసింది పదహారు.

హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ చేరేసరికి సాయంత్రమైంది. రైస్ మిల్లుల దగ్గర ఉడికిన వడ్ల వాసన. నిజాయితీగా పదును పెట్టే దారులు లేకపోలేదు. స్పాట్-5 ఉపగ్రహం అయిదు మీటర్ల చిత్రాలు రెండింటిని అర చుక్క జరిపి తీసేది. వాటిని అల్లితే రెండున్నర మీటర్ల చిత్రం వచ్చేది. అక్కడ రెండో చూపు నిజంగా ఉంది. సన్నని నలుపు తెలుపు చిత్రం మీద మోటు రంగుల చిత్రాన్ని పరవడం ఇంకో పద్ధతి. అందులోనూ గీతలు కెమెరా చూసినవే. కృత్రిమ మేధ చిత్రమూ పనికిమాలినది కాదు. మండలంలో నాట్లు ఎంతవరకు పడ్డాయో, పంట ఎక్కడ వాడుతోందో తెలుసుకోవడానికి అది మేలే చేస్తుంది. గెట్టు తేల్చడానికి, నష్టపరిహారం కట్టడానికి మాత్రం అదొక్కటే చాలదు.

రేపు మీ పొలం గురించి ఎవరైనా ఇలాంటి మెరిసే చిత్రం చూపించి మాట్లాడితే ఒకే మాట అడగండి: అసలు కెమెరా చుక్క ఎన్ని మీటర్లు? పది అని జవాబొస్తే, వాళ్లను చెప్పులు విప్పించి గెట్టు మీదికి తీసుకెళ్లండి.