సర్వరు సేవల స్వయంచాలక పర్యవేక్షణము, పునఃప్రారంభము

వెబ్, మెయిలు, డేటాబేసు మొదలగు సేవలను అందించుచు లినక్సు సర్వరులయందు అహర్నిశము నడచు ప్రక్రియలు ఏ కారణముననైనను ఆగిపోయినపుడు, నిర్వాహకుడు వచ్చి చూచువఱకు వేచియుండక, యంత్రమే ఆ సంగతి గ్రహించి వానిని మరల నడిపించునట్లు చేయు ఏర్పాటు ఇది. ఆగినదానిని తిరిగి నడిపించుట అల్పకార్యమే. ఎప్పుడు నడిపింపక విడువవలయునో, నడచుచున్నట్లు కానవచ్చునది నిక్కముగా పనిచేయుచున్నదో లేదో తేల్చుటయే దుర్ఘటము. ఈ విషయచరిత్రమంతయు ఆ రెండు చిక్కుల చుట్టును తిరిగినది.

యూనిక్సు వ్యవస్థయందు మొట్టమొదట జనించి, ఒకటవ సంఖ్యను ధరించు 'ఇనిట్' అను ప్రక్రియయే ఇందులకు మూలము. 1983లో వెలువడిన సిస్టమ్ ఫైవ్ సంప్రదాయమున, ఇనిట్‌ట్యాబ్ అను ఫైలులో ఏ పంక్తియందు 'రెస్పాన్' అని వ్రాయబడియుండునో, ఆ పంక్తిలోని ప్రక్రియ ముగిసిన తోడనే ఇనిట్ దానిని మరల పుట్టించుచుండెను. వాడుకరి లాగౌట్ కాగానే టెర్మినలుపై లాగిన్ పంక్తి తిరిగి ప్రత్యక్షమగుట దీని చలువయే. లినక్సునకై మీకెల్ వాన్ స్మూరెన్‌బర్గ్ రచించిన ఇనిట్, 2 నిమిషములలో 10 మారులు పుట్టి గిట్టిన ప్రక్రియను 5 నిమిషములు నిలిపివేయుచుండెను. మొదటి చిక్కునకు ఇట్టి సమాధానము చేతనుండగా, సర్వరు సేవలు మాత్రము దీని ప్రయోజనమును పొందలేదు. అవి బూటు సమయమున స్క్రిప్టులచే ప్రారంభింపబడి, రెండు మారులు ఫోర్కై (అనగా తమ నకలును వేఱు ప్రక్రియగా పుట్టించి), జన్మనిచ్చిన ప్రక్రియతో సంబంధము త్రెంచుకొని, తమ సంఖ్యను ఒక పిడ్ ఫైలులో వ్రాసి పోవుచుండెను. అట్లు అనాథలైన వానిని ఇనిట్ దత్తు తీసికొనునే కాని, అవి ఏ సేవలో ఎఱుగదు. సేవ హఠాత్తుగా కూలినచో పాత సంఖ్య ఫైలులోనే మిగిలిపోవును. కాలక్రమమున ఆ సంఖ్య వేఱొక ప్రక్రియకు దక్కినచో, స్క్రిప్టు దానినే చూచి సేవ నడచుచున్నదని నమ్మును.

ఈ లోపమును సమూలముగా పరిహరించినవాడు క్యూమెయిల్ కర్తయు గణితజ్ఞుడునగు డేనియల్ బెర్న్‌స్టీన్. ఆయన రచించిన డీమన్‌టూల్స్‌లో (0.76వ కూర్పు, 2001) సేవ ఫోర్కై తప్పించుకొనదు; 'సూపర్వైజ్' అను ప్రక్రియకు శిశువుగానే ఉండును గనుక దాని మరణవార్తను కెర్నలే తెలియజేయును, పిడ్ ఫైలుతో పనియే లేదు. సేవకొక డైరెక్టరీ, అందు 'రన్' అను చిన్న స్క్రిప్టు. దాదాపు ఇంతియే కాన్ఫిగరేషను. ఈ లాఘవమును తరువాతివారెవరును మించలేదని చెప్పవచ్చును. గెరిట్ పాపె రచించిన రనిట్ ఈ మార్గముననే నడచినది. వాయిడ్ లినక్సు దానినే వాడుచున్నది.

రెండవ చిక్కును విప్పుటకు మోనిట్ వంటి సాధనములు పూనుకొన్నవి. ప్రాణముండియు పలుకని సేవను ప్రక్రియల పట్టిక పట్టి ఈయజాలదు. కావున మోనిట్ నియమిత వ్యవధులలో 80వ పోర్టునకు పోయి పుట నడిగి, ప్రత్యుత్తరము రానిచో సేవను పునఃప్రారంభించును, మెమరీ హద్దు మీఱినను అట్లే చేయును, పలుమారులు విఫలమైనచో ప్రయత్నము విరమించి నిర్వాహకునికి మెయిలు పంపును. మోనిట్ తానే చచ్చినచో? అందులకై దానిని ఇనిట్‌ట్యాబులో రెస్పాన్ పంక్తిగా చేర్చువారు.

2006లో ఉబుంటు 6.10తో వచ్చిన అప్‌స్టార్ట్ అను నూతన ఇనిట్, ఆగిన సేవలను లేపు పనిని తానే చేపట్టెను. 2010లో లెన్నార్ట్ పోటరింగ్, కే సీవర్స్ వెలువరించిన సిస్టమ్‌డీ, 2008నాటి 2.6.24 కెర్నలులో ప్రవేశించిన సీగ్రూపుల (ప్రక్రియలను గుంపులుగా కట్టు ఏర్పాటు) నాశ్రయించి, ఎన్ని మారులు ఫోర్కైనను సేవాసంతతి జాడ తప్పకుండ చేసెను. ఫెడోరా 15 (2011) దానిని స్వీకరించెను. 2014లో డెబియన్ సాంకేతిక సమితి తీవ్ర వాదోపవాదముల పిదప అంగీకరింపగా, అసమ్మతులు డెవువాన్ అను వేఱుకుంపటి పెట్టిరి.

సిస్టమ్‌డీ యూనిట్ ఫైలులో 'రీస్టార్ట్' పంక్తి లేనిచో కూలిన సేవ మరల లేవదు. అందు 'ఆన్-ఫెయిల్యూర్' అని వ్రాసినచో 100 మిల్లీసెకండుల విరామముతో లేపును. 10 సెకండులలో 5 ప్రారంభములు పూర్తియైనచో, విఫలమని ప్రకటించి విడుచును. డేటాబేసు సిద్ధమగుటకు కొన్ని సెకండులు పట్టుచోట, దాని నాశ్రయించిన సేవ ఈలోపుననే తన ఐదు అవకాశములను వ్యర్థపఱచుకొని పడియుండును. ఇది చూచి విరామమును 3 సెకండులకు పెంచినవారు, 10 సెకండులలో 5 ప్రారంభములు ఇక నెన్నడును కూడవు గనుక, సేవ అంతులేక లేచి పడుచుండుటకు తామే త్రోవ చేసినవారగుదురు. విరామముతోపాటు ఆ గణనకాలమును పెంచుట యుక్తము. 'వాచ్‌డాగ్‌సెక్' పంక్తి యున్నచో, సేవయే నిర్ణీతకాలములో తన క్షేమవార్తను పంపుచుండవలయును. పంపనిచో సిస్టమ్‌డీ దానిని చంపి, రీస్టార్ట్ పంక్తి అనుమతించినచో మరల నడిపించును. సిస్టమ్‌డీయే స్తంభించు పక్షమున, హార్డ్‌వేరు వాచ్‌డాగ్ టైమరు ఆ సర్వరునే రీబూటు చేయునట్లును అమర్చవచ్చును.