పల్నాటి యుద్ధంలో రాజీ ఎందుకు కుదరలేదు?

పల్నాటి గడ్డ మీద పుట్టి పెరిగిన వాళ్ళకు పల్నాటి యుద్ధం గురించి కొత్తగా చెప్పవలసిన పని లేదు. బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, బాలచంద్రుడు, మాంచాల, కన్నమదాసు - ఈ పేర్లు హిందూ సోదరుల ఇళ్ళలో ఎంత తెలుసో మన ముస్లిం ఇళ్ళలోనూ అంతే తెలుసు. మన దాచేపల్లి పక్కగా పారే నాగులేరే ఎగువన కారెంపూడిని ఒరుసుకుని వస్తున్నది. ఆ కారెంపూడి మైదానంలోనే క్రీ.శ. 12వ శతాబ్దం చివరి భాగంలో, సుమారు 1182 ప్రాంతంలో, అన్నదమ్ముల బిడ్డలు ఒకరినొకరు నరుక్కున్నారు.

అయితే ఈ చరిత్రను ఎప్పుడు చెప్పుకున్నా ఎవరు ఎంత పౌరుషం చూపించారు, ఎవరి కత్తికి ఎవరు బలి అయ్యారు అనే చెప్పుకుంటాం. యుద్ధం రాకుండా ఆపడానికి ఎన్నిసార్లు ప్రయత్నం జరిగింది, ఆ ప్రయత్నం ఎక్కడెక్కడ చెడిపోయింది అని మాత్రం అడగం. మన సొసైటీ సభ్యుల ముందు ఆ రెండో ప్రశ్న పెట్టాలనేదే ఈ వ్యాసం ఉద్దేశం.

శాంతి కూడా ఒక చదువే

శాంతి గురించి చదువుకోవడం ఏమిటి, అది మనిషి మంచితనం మీద ఉండేది కదా అని కొందరు అనవచ్చు. కాని రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లోకం అలా అనుకోలేదు. 1948లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో మాంచెస్టర్ కాలేజీ అనే చిన్న కాలేజీ శాంతిని ఒక డిగ్రీ చదువుగా పెట్టింది. 1959లో నార్వే దేశపు ఓస్లో నగరంలో యోహాన్ గాల్టుంగ్ అనే పండితుడు శాంతి పరిశోధన సంస్థను స్థాపించాడు. 1973లో ఇంగ్లాండులోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇందుకోసమే ఒక శాఖ వెలిసింది. మన దేశంలో జామియా మిల్లియా ఇస్లామియా 2004లో నెల్సన్ మండేలా పేరు మీద శాంతి, సంఘర్షణ పరిష్కార కేంద్రాన్ని ప్రారంభించింది. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, పిల్లల తల్లులు కూడా తక్కువ ఫీజుతో అక్కడ చదువుకుంటారు. అటువంటి కాలేజీలు కొన్నిట్లో కూడా ఈ పాఠం చెబుతున్నారు. అంటే ఇది రాయబారులకే గాని మామూలు మనుషులకు కాదు అనుకోనక్కర లేదు.

గాల్టుంగ్ చెప్పిన మాటల్లో ఒకటి మనం గుర్తు పెట్టుకోదగ్గది. కొట్లాట లేకపోవడం ఒక రకం శాంతి, అన్యాయం లేకపోవడం మరో రకం శాంతి అన్నాడు. మొదటి దానితో తృప్తి పడి ఊరుకుంటే రెండోది లేని చోట కొట్లాట మళ్ళీ పుడుతుంది. ఈ దీపం పట్టుకుని మన పల్నాటి కథలోకి వెళ్దాం.

చేజారిన అవకాశాలు

కథ అందరికీ తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. హైహయ వంశపు అలుగురాజుకు వెలనాటి రాజుల ఆడపడుచు మైలమ ద్వారా పల్నాడు అరణంగా వచ్చింది. మైలమ కొడుకు నలగామరాజు. సవతి తమ్ముడు మలిదేవరాజు. గురజాలలో నలగామరాజుకు నాగమ్మ మంత్రిణి అయింది. మలిదేవుల పక్షాన బ్రహ్మనాయుడు నిలిచాడు. రాజ్యం రెండు ముక్కలై మాచర్ల మలిదేవులకు వచ్చింది.

పంపకంతో తగాదా తీరిందని ఆనాటి పెద్దలు అనుకుని ఉంటారు. పొలం పంచినంత మాత్రాన మనసులో కసి పంచబడదు. మన ఊళ్ళలో గట్టు తగాదాలు చూసిన వాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర లేదు. ఇద్దరికీ నమ్మకమైన మూడో మనిషి ఆ పంపకంలో కనబడడు. ఒకరి మంత్రి ఒకరికి, మరొకరి మంత్రి మరొకరికి. ఇదీ మొదటి లోపం.

రెండోది కోడిపందెం. ఓడిన పక్షం ఏడేళ్ళు రాజ్యం వదిలి పోవాలని ఒప్పుకున్నారు. బ్రహ్మనాయుడి పుంజు ఓడిపోయింది. మాచర్ల వాళ్ళు మాట ప్రకారం వలస పోయారు. రెండు పుంజుల కాళ్ళకు కత్తులు కట్టి వేలాదిమంది భవిష్యత్తును వాటి మీద పెట్టడం ఎంత విచిత్రం! పందెంలో ఒకరికి అంతా వస్తుంది, రెండో వారికి అంతా పోతుంది. రాజీలో ఇద్దరికీ కొంత మిగలాలి. అందుకే పందెం తీర్పు ఎన్నడూ రాజీ కాదు.

మూడోది ఏడేళ్ళ గడువు. ఆ ఏడేళ్ళూ పెద్ద యుద్ధం లేదు. పైకి చూస్తే శాంతే. కాని గడువు తీరాక రాజ్యం తిరిగి ఇప్పించడానికి జామీను నిలబడ్డ వాళ్ళెవరూ లేరు. కాగితం మీద గడువు రాసి హామీ లేకుండా వదిలేస్తే ఏమవుతుందో ఇప్పటి కోర్టు పక్షులకు బాగా తెలుసు.

నాలుగోది అలరాజు రాయబారం. గడువు తీరాక మలిదేవుల తరఫున అలరాజు గురజాలకు వెళ్ళాడు. అతడు కొమ్మరాజు కొడుకు, నలగామరాజుకు స్వయానా అల్లుడు. రెండు పక్షాలకూ కావలసినవాడు, మధ్యవర్తిగా అంతకంటే తగినవాడు దొరకడు. మామగారి కొలువులో మాట కుదరలేదు. తిరిగి వస్తుండగా చర్లగుడిపాడు దగ్గర నాగమ్మ పక్షం వాళ్ళు అతనికి విషం పెట్టించారని కథ చెబుతున్నది. అతని భార్య పేరిందేవి సహగమనం చేసింది. నలగామరాజు పంతంలో పోయింది ఆయన కన్నకూతురే. రాయబారిని చంపిన రోజున మాటలకు దారి మూసుకుపోయింది. కొడుకును పోగొట్టుకున్న కొమ్మరాజుకు ఇక రాజీ మాట ఎవరు చెప్పగలరు?

ఇంత జరిగినా కారెంపూడిలో సేనలు ఎదురెదురుగా దిగాక కూడా సంధి మాటలు నడిచాయి. పెద్దలు మెత్తబడ్డారు. అప్పుడు బాలచంద్రుడు వచ్చి ఆ సంధిని ధిక్కరించి యుద్ధానికి తెర తీశాడు. మనం ఈ ఘట్టాన్ని రోమాలు నిక్కబొడుచుకునేలా వింటాం. కాని ఒక్క సంగతి గమనించండి. అంతకు ముందు బాలచంద్రుణ్ణి యుద్ధానికి దూరంగా ఉంచాలని తండ్రి ఎత్తు వేశాడు. సంధి మాటల్లో కుర్రవాడికి చోటు లేదు. తన సంగతి తనతో మాట్లాడకుండా పెద్దలు తేల్చేశారని తెలిసిన యువకుడు ఆ తీర్పును తన్నేస్తాడు. ఇది 12వ శతాబ్దంలోనే కాదు, ఏ శతాబ్దంలోనైనా అంతే.

ఫలితం ఏమిటి? గెలిచినవాడికి కూడా గెలుపు మిగలలేదు. వీరులంతా నేలకొరిగారు. అండగా నిలిచిన వెలనాటి బలం సన్నగిల్లింది. ఓరుగల్లు కాకతీయులు తీరం వైపు విస్తరించడానికి దారి సుగమం అయింది.

కథ చెప్పినది ఎవరు?

ఈ కథను శ్రీనాథుడు 15వ శతాబ్దంలో ద్విపదలో రాశాడని చెబుతారు. దానిని 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు అచ్చు వేయించారు. వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతూ వచ్చారు. అమెరికన్ పండితుడు జీన్ రోఘేర్ వాళ్ళ పాట విని 1982లో ఆంగ్లంలో పుస్తకం తెచ్చాడు. అయితే పాడినవాళ్ళంతా మాచర్ల వీరులను కొలిచేవాళ్ళే. అందుచేత నాగమ్మ మనకు ఎప్పుడూ కుట్రదారుగానే కనిపిస్తుంది. ఆ కాలంలో ఒక స్త్రీ రాజ్యభారం మోసిందంటే ఆమె వాదన కూడా ఒకటి ఉండి ఉండాలి. అది మనదాకా రాలేదు. శాంతి చదువులో మొదటి పాఠం కూడా ఇదే. ఒక వైపే విని ఫైసలా చెప్పరాదు.

బ్రహ్మనాయుడి చాపకూడు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కులాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. మాల కన్నమదాసును సేనాని చేశాడు. గాల్టుంగ్ చెప్పిన రెండో రకం శాంతి, అన్యాయం లేని శాంతి, దీనికి దగ్గరగా ఉంటుంది. కత్తులు మనకు గుర్తుండిపోయాయి, చాప మరుగున పడింది.

కార్తీక అమావాస్య నుంచి కారెంపూడిలో అయిదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ రోజుల పేర్లు. అయిదింట ఒక రోజు రాయబారానిది! మన పెద్దలు యుద్ధాన్ని తలచుకుంటూ కూడా రాయబారాన్ని మరిచిపోలేదన్న మాట. ఆ రోజు అర్థం పిల్లలకు చెప్పేవాళ్ళే కరువయ్యారు.

రాజీ అనే మాట

ఉర్దూ చెప్పుకునే పంతులుగా ఒక ముచ్చట చెప్పనివ్వండి. తెలుగు రైతు పగలు తీర్చుకునే మాటలు అచ్చ తెలుగువి. పగలు చల్లార్చుకునే మాటలు చాలావరకు మన ఉర్దూ వైపు నుంచి వచ్చినవి. రాజీ, హామీ, జామీను, ఫైసలా, కరారు, వకీలు - ఇవన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి ఉర్దూ గుండా తెలుగు ఊళ్ళకు చేరాయి. రాజీ అంటే అరబ్బీలో మనస్ఫూర్తిగా ఇష్టపడ్డవాడు అని అర్థం. తల వంచినవాడు అని కాదు. రాజీనామా అంటే ఉర్దూలో ఒప్పుదల పత్రం. తెలుగులో మాత్రం అది నౌకరీ వదులుకునే కాగితం అయిపోయింది. రాజీ పడితే ఏదో వదులుకున్నట్టే అనే అపోహ మన మనసుల్లో ఎంత లోతుగా ఉందో ఈ ఒక్క మాటే చెబుతుంది.

మన చరిత్రలో సులహ్‌కు గొప్ప ఉదాహరణ హుదైబియా. క్రీ.శ. 628లో, అంటే హిజ్రీ 6లో, మక్కా వారితో పదేళ్ళ ఒప్పందం జరిగింది. పత్రంలో దైవప్రవక్త అనే మాట ఉండకూడదని సుహైల్ బిన్ అమ్ర్ పట్టుబడితే, ప్రవక్త (స) ఆ మాట తీయించి తన పేరు, తండ్రి పేరు మాత్రమే రాయించారు. సహచరులకు ఈ ఒప్పందం రుచించలేదు. హజ్రత్ ఉమర్ (ర) నేరుగా వచ్చి ప్రశ్నలు వేశారు, జవాబులు విన్నారు. ఖుర్బానీకి ఎవరూ లేవకపోతే హజ్రత్ ఉమ్మె సల్మా (ర) చెప్పిన సలహా పని చేసింది. కారెంపూడితో పోల్చి చూడండి. అసంతృప్తి రెండు చోట్లా ఉంది. హుదైబియాలో అసంతృప్తి పడ్డవాళ్ళు అక్కడే ఉన్నారు, అడగగలిగారు. ఒక స్త్రీ సలహాకు విలువ దొరికింది. ఒప్పందం నిలిచింది.

మన కాలపు రాయబారం

ఇదంతా పాత కథ అనుకోవద్దు. 2004 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ, నక్సలైట్ పార్టీలకూ హైదరాబాదులో నాలుగు రోజులు చర్చలు జరిగాయి. ఆ పార్టీ ప్రతినిధులు మన పల్నాటి గుత్తికొండ బిలం దగ్గర సభలో మాట్లాడి మరీ వెళ్ళారు. 1997 నుంచి పాటుపడిన పౌర స్పందన వేదిక, అందులో ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ గారి వంటి పెద్దలు, ఇరుపక్షాలనూ ఒక బల్ల దగ్గరకు చేర్చారు. ఆ కొద్ది నెలలు పల్లెలు ఊపిరి పీల్చుకున్నాయి. 2005 జనవరికల్లా చర్చలు చెదిరిపోయి తుపాకులు మళ్ళీ మోగాయి. ఒప్పుకున్న మాట అమలును చూసే మూడో మనిషికి అధికారం లేకపోతే బల్ల దగ్గరి మాట అడవిదాకా చేరదు. ఏడేళ్ళ గడువుకు జామీను లేని లోటు వంటిదే ఇదీను.

మనం చేయదగ్గది

మన పల్నాడు 2022 ఏప్రిల్ 4 నుంచి ప్రత్యేక జిల్లా అయింది. పేరు కొత్త జిల్లాకు వచ్చింది, పాత పగలు మాత్రం పోలేదు. మన ఇళ్ళలోనూ వాటా తగాదాలు, మెహర్ తగాదాలు, మిరప కల్లాల దగ్గర బాకీ తగాదాలు ఉన్నాయి. పత్తి అమ్మిన డబ్బు వాయిదాల ఖర్చులకు పోతున్నది. అన్నదమ్ముల పిల్లలు ఈద్ రోజున ఒకరింటి గడప ఒకరు తొక్కడం లేదు.

భార్యాభర్తల మధ్య చెడితే అతని వైపు నుంచి ఒకరిని, ఆమె వైపు నుంచి ఒకరిని మధ్యవర్తులుగా పెట్టమని ఖురాన్ నాలుగో సూరాలో ఆదేశం ఉంది. దేశ చట్టమూ తోడుగా ఉంది. 1987 చట్టం ప్రకారం లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు. కోర్టులో నడుస్తున్న కేసు అక్కడ రాజీ అయితే కట్టిన ఫీజు కూడా వాపసు వస్తుంది. 2023లో పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టంలో ఊరి తగాదాలకు ముగ్గురు మధ్యవర్తుల పద్ధతిని ప్రస్తావించారు.

మన సొసైటీ తరఫున ఒక సులహ్ కమిటీ పెట్టుకోవాలని నా మనవి. పల్నాటి కథ చెప్పిన పాఠాలే దానికి నియమాలు కావాలి. ఇద్దరికీ సమ్మతమైన మనిషే మధ్య కూర్చోవాలి. ఒకరు పూర్తిగా ఓడిపోయే తీర్పు చెప్పకూడదు. ప్రతి ఒప్పుదలకూ గడువు, ఆ గడువుకు జామీను రాయాలి. మధ్యవర్తిని ఎవరూ వేలెత్తి చూపకుండా జమాతు కాపాడాలి. ఆడవాళ్ళూ, పాతికేళ్ళ లోపు కుర్రవాళ్ళూ ఆ కమిటీలో కూర్చోవాలి, ఊరికే చాయ్ అందించడానికి కాదు. ఇంకొక మాట. హత్య, స్త్రీల మీద అత్యాచారం వంటివి రాజీ చేసుకునే విషయాలు కావు. అవి పోలీసుకు, కోర్టుకు వెళ్ళవలసిందే. అన్యాయాన్ని కప్పిపెట్టడం సులహ్ అనిపించుకోదు.

బడిలో పిల్లలను పల్నాటి వీరుల్లో ఎవరు ఇష్టం అని అడిగితే అందరూ బాలచంద్రుడనే అంటారు. అందులో తప్పేమీ లేదు. వచ్చే ఏటికి వాళ్ళలో ఇద్దరు ముగ్గురైనా అలరాజు అని అనేలా ఆ రాయబారి కథ మనం వాళ్ళకు చెబితే, ఈ సొసైటీ ఒక మంచి పని చేసినట్టే.