రోమన్ సమాధుల దోపిడీ, పునర్వినియోగం: పుట్టుపూర్వోత్తరాలు

ఒక చోటు సమాధి స్థలం అనిపించుకోవడానికి రోమన్ చట్టం సామాన్యుల విషయంలో పూజారి సంప్రోక్షణను కోరలేదు. అంత్యక్రియలు జరిపే బాధ్యత ఉన్న వ్యక్తి తన సొంత నేలలో మృతదేహాన్నో చితాభస్మాన్నో పాతిపెడితే చాలు, ఆ నేల ఎవరి ఆస్తీ కాకుండా పోతుందని క్రీ.శ. 2వ శతాబ్దపు న్యాయవేత్త గైయస్ వివరించాడు. ఇంత గట్టి రక్షణ ఉన్నా, రోమన్ శ్మశానాల తవ్వకాల్లో పూర్వమే ఎవరో తెరిచిన సమాధులు పదేపదే ఎదురవుతాయి. అలాంటి వాటిని ఆధారాలు చెడిపోయినవిగా పక్కన పెట్టే అలవాటు పురావస్తు శాస్త్రంలో చాలాకాలం సాగింది. దానివల్ల జరిగిన నష్టం చిన్నది కాదు, ఎందుకంటే సమాధిని ఎవరు, ఎప్పుడు, ఎందుకు తెరిచారన్న ప్రశ్నకు జవాబు ఆ చెదిరిన మట్టిలోనే ఉంటుంది, పైగా తెరిచిన వాళ్లంతా దొంగలు కారు.

క్రీ.పూ. 451–450 నాటి పన్నెండు ఫలకాల శాసనం నగరం లోపల పాతిపెట్టడాన్నీ దహనాన్నీ నిషేధించడంతో సమాధులు రహదారుల వెంట ఊరి బయటకు చేరాయి. దారిన పోయేవారి కళ్లబడి, చనిపోయినవారి పేరు నలుగురి నోట నిలవాలన్న కోరికకు ఈ ఏర్పాటు బాగా సరిపోయినా, రాత్రివేళ కాపలా లేని చోటు కావడంతో అది దొంగలకూ అనువైంది. పెట్రోనియస్ నవల ‘సాటిరికాన్’లోని ధనికుడు ట్రిమాల్కియో తన సమాధికి ఒక విముక్త బానిసను కాపలా పెట్టాలని కోరుకోవడం ఆ కాలపు భయాన్ని చూపిస్తుంది.

అందుకే రాళ్ల మీద హెచ్చరికలు వెలిశాయి. ఈ కట్టడం వారసుడికి చెందదని చెప్పే వాక్యాన్ని పొడి అక్షరాల్లో చెక్కించడం ఇటలీ అంతటా మామూలయింది. సమాధిని అమ్మినవారు, అందులో పరాయి శవాన్ని ఉంచినవారు నగరానికో సామ్రాజ్య ఖజానాకో ఇంత జరిమానా కట్టాలని, ముఖ్యంగా ఆసియా మైనర్‌లో, గ్రీకులో రాయించేవారు. ప్రీటర్ అనే న్యాయాధికారి సమాధి ఉల్లంఘనకు ప్రత్యేకమైన దావాను కల్పించాడు. మృతుడి తరఫువారెవరూ ముందుకు రాకపోతే ఎవరైనా ఆ దావా వేయవచ్చు, అప్పుడు జరిమానా 100 బంగారు నాణేలు. సమాధిలో కాపురం పెట్టినా, దానిపై ఇల్లు కట్టినా 200. శవాన్నే బయటికి లాగితే అది నేరమై, పేదవాడికి మరణశిక్షా, గౌరవ వర్గంవాడికి ద్వీపాంతరవాసమూ పడేవి.

ఈ పవిత్రత మాత్రం అందరి సమాధులకూ వర్తించలేదు. శత్రువుల సమాధులు రోమన్లకు పవిత్రం కావని, వాటి రాళ్లను ఏ పనికైనా వాడుకోవచ్చని న్యాయవేత్త పౌలుస్ స్పష్టంగా రాశాడు. ఆ సూత్రం గ్రంథాలకెక్కక ముందే ఆచరణలో ఎలా ఉండేదో కొరింథు చూపిస్తుంది. క్రీ.పూ. 146లో రోమన్ సైన్యం ధ్వంసం చేసిన ఆ గ్రీకు నగరాన్ని క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ ఎక్కువగా విముక్త బానిసలతో మళ్లీ నెలకొల్పినప్పుడు, శిథిలాలను కదిలిస్తూ సమాధులను తవ్విన కొత్త నివాసులకు మట్టి పాత్రలూ కంచు పాత్రలూ దొరికాయని, వాటి పనితనానికి మురిసిపోయి ఒక్క సమాధినీ వదల్లేదని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో నమోదు చేశాడు. ‘నెక్రోకోరింథియా’, అంటే కొరింథు మృతుల సొత్తు, అనే పేరుతో ఆ సరుకు రోమ్ నగరాన్ని ముంచెత్తి మంచి ధర పలికింది, మంచి పాత్రలు అయిపోయాక మోజు చల్లారింది. ఇటలీలోని కాపువాలో కూడా సీజర్ చట్టం కింద భూములు పొందినవారు ఇళ్లు కట్టుకోవడానికి పాత సమాధులను పడగొట్టి, అక్కడి ప్రాచీన పాత్రల కోసం మరింత ఉత్సాహంగా తవ్వారని సీజర్ జీవితచరిత్ర రాసిన స్వెటోనియస్ చెబుతాడు. వీళ్లు చీకట్లో వచ్చిన దొంగలు కారు, రాజ్యమే పిలిచి నేల ఇచ్చినవారు. సమాధుల దోపిడీ చరిత్రలో ఈ తేడాను మరవకూడదు.

లిఖిత ఆధారాలు లేనిచోట ఎముకలే సాక్ష్యం. పాతిపెట్టిన కొద్దికాలానికే, కీళ్లను పట్టి ఉంచే స్నాయువులు కుళ్లకముందే శవాన్ని కదిపితే, మోచేయి ఊడకుండా చేయి మొత్తం ఒక్కటిగా జరుగుతుంది. ఏళ్ల తరవాత కదిపితే ఎముకలు విడివిడిగా చెదురుతాయి. సమాధి గోతిలోకి తలవైపో ఛాతీవైపో దిగిన రెండో గొయ్యి, దానిలో నిండిన వేరే రంగు మట్టి, దొంగ ఎక్కడ వెదికాడో చూపిస్తాయి. కంచు కడియం మాయమైనా, దాని చిలుము వల్ల మణికట్టు ఎముకకు పట్టిన ఆకుపచ్చ మరక మిగులుతుంది. ఎత్తుకుపోయిన వస్తువు ఒకప్పుడు అక్కడ ఉందని ఇంత కచ్చితంగా చెప్పగల ఆధారం మరొకటి దొరకడం కష్టం.

అదే పరిశీలన దోపిడీ కానిదాన్ని కూడా బయటపెడుతుంది. పాత ఎముకలను జాగ్రత్తగా కాళ్లవైపు పేర్చి, కొత్త శవానికి చోటు చేసిన సమాధులు బంధువుల పనే తప్ప దొంగల పని కాదు. మృతుడికి ద్రాక్షసారాయి, పాలు అందించడానికి అస్థికల దాకా గొట్టం అమర్చుకున్న జనానికి సమాధి శాశ్వతంగా మూసివేసిన పెట్టె కాదన్నది నిజం. హెన్రీ దుదే వంటి శరీర నిర్మాణం తెలిసిన పురావస్తు శాస్త్రవేత్తలు పాంపే నగరపు నోచెరా ద్వారం దగ్గరి శ్మశానంలో చేసిన పని, అంత్యక్రియల తరవాత కూడా సమాధి దగ్గర సాగిన ఆచారాలను వరుసగా చదవవచ్చని నిరూపించింది. ఓస్టియా సమీపంలోని ఇసోలా సాక్రా శ్మశానంలో దొరికిన శాసనాలు, ఒకే సమాధి మందిరంలో కొంత భాగం ఇతర కుటుంబాల చేతికి వెళ్లిన సంగతిని నమోదు చేశాయి. అమ్మరాదన్న చట్టం పక్కనే ఈ బదలాయింపులు కూడా మామూలుగా జరిగాయి.

3వ శతాబ్దం నుంచి బంగారం కంటే రాయికి గిరాకీ పెరిగింది. మొసెల్ నది ఒడ్డున నోయ్‌మాగెన్ కోట పునాదుల్లో చెక్కడాల సమాధి రాళ్లు దొంతరలుగా బయటపడ్డాయి, ద్రాక్షసారాయి పీపాలను మోసే ప్రసిద్ధ పడవ శిల్పం వాటిలోదే. పాలరాతిని సున్నపు బట్టీల్లో కాల్చడం ఎంత పెరిగిందంటే, 349లో చక్రవర్తి కోన్‌స్తాన్స్ సమాధుల నుంచి స్తంభాలనూ పాలరాతినీ తీసుకున్నవారు, సున్నం కోసం రాళ్లు పడగొట్టినవారు ఒక్కో సమాధికి ఒక్కో పౌండు బంగారం కట్టాలని ఆజ్ఞాపించాడు. క్రైస్తవం బలపడ్డాక మృతదేహానికే విలువ వచ్చింది, 386 నాటి చట్టం పాతిన దేహాన్ని మరోచోటికి తరలించరాదని, అమరవీరుల అవశేషాలను అమ్మరాదని చెప్పాల్సి వచ్చింది. 447లో చక్రవర్తి మూడవ వాలెంటీనియన్ చట్టం సమాధులు కూల్చేవారిలో మతాధికారులను కూడా వేలెత్తి చూపింది.

6వ శతాబ్దం తొలినాళ్లలో ఇటలీని ఏలిన గోత్ రాజు థియోడోరిక్ ఈ చరిత్రను మలుపు తిప్పాడు. ఆయన మంత్రి కాసియోడోరస్ రాసిన ఆజ్ఞాపత్రం ప్రకారం, సమాధుల్లో నిరుపయోగంగా పడి ఉన్న బంగారాన్నీ వెండినీ రాజాధికారి ప్రజోపయోగం కోసం బయటకు తీయాలి, అయితే చితాభస్మాన్ని ముట్టుకోరాదు, స్తంభాలనూ పాలరాతినీ సమాధి అలంకారంగానే వదిలేయాలి. లారెన్షియస్ అనే మతగురువు శవాల మధ్య సంపద వెదికాడన్న ఆరోపణపై అదే రాజు విచారణ జరిపించాడు. కాబట్టి ఆ కాలపు ఇటలీలో అస్థికలు కదలకుండా విలువైనవి మాత్రమే మాయమైన సమాధి దొరికితే, దాన్ని వెంటనే దొంగల ఖాతాలో వేయకుండా, రాజాజ్ఞతో తెరిచి ఉండే అవకాశాన్ని కూడా తవ్వేవారు లెక్కలోకి తీసుకోవాలి.