గెలిచిన కేసును రద్దుచేసే ప్రభుత్వం

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగి సర్వీసు కేసు గెలిచి కూడా ఓడిపోయే వీలు ఒకప్పుడు సాక్షాత్తూ రాజ్యాంగంలోనే ఉండేది. స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనల గొడవ, ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిన జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 1973 సెప్టెంబరులో వచ్చిన ఆరు సూత్రాల పథకం నియామకాలు, సీనియారిటీ, ప్రమోషన్ల తగాదాలకు ప్రత్యేక ట్రైబ్యునల్ పెడతామంది. 32వ సవరణతో చేరిన 371-డి అధికరణ అందుకు దారి చేసి, ఆ తగాదాల్లో హైకోర్టును పక్కన పెట్టింది. అసలు మెలిక అయిదో క్లాజులో ఉండేది. దాని ప్రకారం ట్రైబ్యునల్ తుది ఉత్తర్వు వెంటనే అమలుకు రాదు. ప్రభుత్వం ఖాయం చేసినప్పుడో, మూడు నెలలు నిండాకో, ఏది ముందైతే అప్పుడు వస్తుంది. ఈలోగా ప్రభుత్వం కారణాలు రాసి దాన్ని మార్చవచ్చు, రద్దూ చేయవచ్చు. ప్రమోషన్ ఆపారని కేసు వేసి గెలిచిన గుమాస్తా, ఆ గెలుపు నిలుస్తుందో లేదో తెలియడానికి మళ్లీ సచివాలయం వైపే చూడాల్సి వచ్చేది.

ఫిర్యాదు వినే వేదిక ఉండటం వేరు, దాని మాట ఓడిన పక్షం మీద చెల్లడం వేరు. రెండోది లేనప్పుడు మొదటిది ఓదార్పే. అప్పట్లో హైకోర్టు పర్యవేక్షణ లేదు కాబట్టి ట్రైబ్యునల్ తప్పును దిద్దేవారు ఉండొద్దా అని అడగవచ్చు. ఉండాలి, కానీ ఆ కేసులో ప్రతివాది కాకూడదు. పైగా ప్రభుత్వానికి సుప్రీంకోర్టు తలుపు తెరిచే ఉంది. రద్దు ఉత్తర్వును చట్టసభల ముందు పెట్టాలన్న షరతు ఉందిగా అంటారా? మెజారిటీ ఎవరిదో తెలిసిందే. సాంబమూర్తి కేసులో 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ ఏర్పాటు చట్టబద్ధ పాలనకే విరుద్ధమని, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని దెబ్బతీస్తుందని కొట్టేసింది. రాజ్యాంగ ప్రతిలో ఆ క్లాజు ఇప్పటికీ అచ్చవుతోంది, చెల్లదన్న అధోజ్ఞాపికతో.

హైకోర్టు సంగతి తేలడానికి ఇంకో పదేళ్లు పట్టింది. ట్రైబ్యునళ్ల మీద హైకోర్టు సమీక్షను తొలగించడం చెల్లదని 1993లో సకినాల హరినాథ్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ తేల్చింది. 1997లో ఎల్. చంద్రకుమార్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దేశమంతటికీ అదే చెప్పింది: ముందు ట్రైబ్యునల్, ఆపైన హైకోర్టు డివిజన్ బెంచ్. దీనితో ఒక మెట్టు పెరిగి జాప్యం ఎక్కువైందన్న విమర్శలో నిజం లేకపోలేదు. ఆ మెట్టును ఎక్కేది చాలాసార్లు ప్రభుత్వమే కూడాను. అయినా జాప్యానికి విరుగుడు మరింతమంది జడ్జీలు గానీ, సమీక్షను మూసేయడం కాదు. 2016లో తెలంగాణ, కొన్నేళ్లకు ఆంధ్రప్రదేశ్ ట్రైబ్యునల్‌నే వదులుకున్నాయి. పెండింగ్ ఫైళ్లు హైకోర్టుకు చేరాయి.