పాత బండికి కోట్ల ధర ఎట్ల పలుకుతది? నిజాం కారు నుంచి మన ట్రాక్టరు దాకా

పోస్టు కొంచెం పొడుగైంది, తీరిక దొరికినప్పుడు చదువుకోండి.

మొన్న మా వాడకట్టులో ఒక ముచ్చట జరిగింది. మాకు వరుసకు కాక అయ్యే ఒక పెద్దమనిషి కొట్టంలో 1970ల నాటి మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరు ఉన్నది. పది పన్నెండేండ్ల సంది అది కదలలేదు. సీటు కింద కోళ్లు గుడ్లు పెడుతున్నయి. ఇనుప సామాను సేటు వచ్చి కాంటా లెక్కన కిలోకు ఇంత అని అడిగిపోయిండు. అదే రోజు పొద్దుమూకినంక కాక మనవడు ఫోన్‌లో ఒక వీడియో చూపిచ్చిండు. అమెరికాలో 1971 నాటి కారు వేలంపాటలో 35 లక్షల డాలర్లకు పోయిందట. "తాతా, మనది గూడ గా కాలందే" అంటడు పిలగాడు. కాక నా దిక్కు చూసి, "ఏమయ్యా, కాంటా ధర నిజమా, ఫోన్ల ధర నిజమా?" అని అడిగిండు.

అప్పుడు సరిగ్గ జవాబు చెప్పలేకపోయిన. నాలుగు రోజులు చదివి, తెలుసుకున్నది రాస్తున్న.

ముందు మన హైదరాబాద్ సంగతి చెప్త. చార్మినార్ దగ్గర చౌమహల్లా ప్యాలెస్ చూసినోళ్లకు యాదికుంటది. అక్కడ పసుపుపచ్చ రంగులో ఒక రోల్స్ రాయిస్ కారు పెట్టిండ్రు. వెనుక సీటు సింహాసనం లెక్క ఎత్తుగా ఉంటది, అందుకే దాన్ని సింహాసనం కారు అంటరు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరు ఇచ్చిన కారు అది. ఆయన 1911 ఆగస్టులో కాలం చేసిండు, కారు చూడనేలేదు. ఆయన కొడుకు ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కారు వచ్చింది. ఏవో పెద్ద వేడుకలకు తప్ప బయటికి తీయలేదు. తర్వాత ఎన్నో ఏండ్లు మూలకు పడి ఉండి, ఈ మధ్య కాలంలో బాగు చేయించిన తర్వాత జనం చూడనీకి పెట్టిండ్రు.

ఇగ ఈ కారు ఏ సంవత్సరంది? ఒకరు 1911 అని రాస్తరు, ఇంకొకరు 1912 అని రాస్తరు. ఎందుకంటే ఆ కాలంలో రోల్స్ రాయిస్ కంపెనీ ఇంజను, ఛాసిస్ మాత్రమే తయారుచేసి ఇచ్చేది. మీద బాడీ కట్టేటోళ్లు వేరే. నిజాం కారుకు బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. మన దగ్గర లారీ ఛాసిస్ కొనుక్కొచ్చి బాడీ షెడ్డుల బాడీ కట్టించినట్టే. ఆర్డరు ఇచ్చిన ఏడు ఒకటి, ఛాసిస్ తయారైన ఏడు ఒకటి, బాడీ పూర్తయి ఓడ ఎక్కిన ఏడు ఇంకొకటి కావచ్చు. అందుకే పాత బండ్ల పని తెలిసినోళ్లు సంవత్సరం కంటే ముందు ఛాసిస్ నంబరు అడుగుతరు. నంబరు దొరికితే కంపెనీ రికార్డుల మిగతా సంగతులు దొరుకుతయి.

నంబరు లేని కాడ కథ వచ్చి కూర్చుంటది. రోల్స్ రాయిస్ షోరూంలో అవమానం జరిగిందని ఒక మహారాజు కార్లు కొని ఊర్లో చెత్త ఎత్తడానికి వాడిండనే కథ మీరు వాట్సాప్‌లో చూసే ఉంటరు. అల్వార్ రాజు అని ఒకరు, భరత్‌పూర్ రాజు అని ఒకరు, పటియాలా అని ఒకరు, మన నిజాం అని ఇంకొకరు చెప్తరు. కథ ఒక్కటే, రాజులు మాత్రం మారుతుంటరు. వినడానికి బాగనే ఉంటది గానీ, పాత కారు అమ్మేటోడు ఈ కథను కారుకు తగిలిచ్చి ధర పెంచుతడు చూడు, అక్కడ కొనేటోడు మునుగుతడు.

రాజుల కార్లు మన దేశం నుంచి బయటికి పోయిన చరిత్ర కూడా ఉన్నది. 1971లో రాజ్యాంగం 26వ సవరణతో రాజభరణాలు రద్దయినయి. అప్పటికే ఖర్చులు మోయలేక చాలామంది సంస్థానాధీశులు కార్లు అమ్ముకున్నరు. విదేశీ వ్యాపారులు తక్కువకు కొని ఓడల్లో పంపిండ్రు. తర్వాత సర్కారు కట్టడి పెట్టింది. 1950కి ముందు తయారైన బండ్లను ఇష్టమొచ్చినట్టు ఎగుమతి చేయడానికి వీలు లేకుండ చేసిండ్రు. కానీ పోయినవి పోయినయి.

ఇగ అమెరికా ముచ్చటకు వస్త. కాక మనవడు చూపిచ్చిన కారును వాళ్లు మజిల్ కారు అంటరు. మజిల్ అంటే కండ. మామూలు సైజు కారులో పెద్ద కారుకు పెట్టే ఇంజను పెట్టి, కుర్రోళ్లు కొనగలిగే ధరకు అమ్మిండ్రు. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓతోనే ఈ జోరు మొదలైందని ఎక్కువ మంది చెప్తరు. పదేండ్లు కూడ నిలువలేదు. ఇన్సూరెన్సు కంపెనీలు రేట్లు పెంచినయి. 1970లో గాలి కాలుష్యం మీద గట్టి చట్టం వచ్చింది. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగించేసరికి పెట్రోలు కోసం బంకుల కాడ లైన్లు కట్టిండ్రు. పెట్రోలు తాగే ఈ కార్లను ఎవడు కొంటడు? పాత సామాను ధరకు అమ్ముకున్నరు, తుక్కు చేసిండ్రు, పొలాల్లో వదిలేసిండ్రు.

ఇరవై ముప్పై ఏండ్లకు కథ మారింది. చిన్నప్పుడు ఆ కారు మీద ఆశపడి కొనలేకపోయిన పిల్లలు పెద్దయి, చేతిల పైసలు ఆడినయి. అప్పటికి కార్లు కొన్నే మిగిలినయి. అడిగేటోళ్లు ఎక్కువ, సరుకు తక్కువ. ధర ఎందుకు పెరిగిందో రైతుకు వేరే చెప్పే పని లేదు.

ధర పెరగంగనే నకిలీ వచ్చింది. 1964, 1965 జీటీఓ కార్ల ఛాసిస్ నంబరులో జీటీఓ అనే గుర్తే లేదు. అది టెంపెస్ట్, లెమాన్స్ అనే మామూలు కార్ల మీద డబ్బులు కట్టి తీసుకునే అదనపు సౌకర్యం మాత్రమే. 1966లో గానీ దానికి సొంత నంబరు సిరీసు రాలేదు. కాబట్టి ఆ రెండేండ్ల మామూలు కారుకు జీటీఓ బిళ్లలు అంటిస్తే పైకి తేడా తెల్వదు. కంపెనీ నాటి బిల్లు కాగితమే దిక్కు. అదే ప్లిమత్ కంపెనీ వాళ్ల కార్లలో అయితే నంబరులోని ఐదో గుర్తు ఇంజను సంగతి చెప్తది. 1971 హెమీ కుడా కారుకు ఆ ఐదో స్థానంలో ఆర్ అక్షరం ఉండాలె. అది లేకుంటే లోపల ఎంత పెద్ద ఇంజను ఉన్నా తర్వాత బిగించిందే. ఒక్క అక్షరం మీద లక్షల డాలర్ల తేడా.

పిలగాడు చూపిచ్చిన వీడియో కారు అదే, 1971 హెమీ కుడా, టాపు తీసే రకం. ఆ ఏడు అట్లాంటివి తయారైనవే పదకొండో పన్నెండో. 2014లో సియాటెల్ నగరంలో జరిగిన మీకమ్ వాళ్ల వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది. అప్పటి లెక్కన మన 20 కోట్లు దాటింది. ఇంకొకటి 2021లో ఇండియానాపోలిస్‌లో వేలానికి వస్తే పాట 48 లక్షల డాలర్ల దాకా పోయింది. కానీ కారు అమ్ముడుపోలేదు. ఓనరు అనుకున్న కనీస ధరకు పాట అందలేదు. పాట పాడిన ధర వేరు, చేతిల పడ్డ ధర వేరు.

ఇది మనకు తెలియంది కాదు. మార్కెట్ యార్డులో పత్తి గరిష్ట ధర ఇంత అని పేపర్లో పెద్ద అక్షరాలతో వస్తది. ఆ ధర ఒకటి రెండు లాట్లకే వస్తది. ఎక్కువ సరుకు అమ్ముడుపోయే ధర దాని కింద ఉంటది, దాన్ని మోడల్ ధర అని రాస్తరు. కార్ల వేలంలో కూడ గరిష్ట ధరే వీడియోల్లో తిరుగుతది. పైగా పాట ముగిసినంక కొన్నోడు వేలం కంపెనీకి కమీషన్ అదనంగా కట్టాలె. ఒక పేపరు కమీషన్ కలిపి రాస్తది, ఇంకో పేపరు కలపకుండ రాస్తది. అందుకే ఒక్క కారుకు రెండు ధరలు కనపడుతయి.

నాకు అన్నిటికంటే నచ్చింది ఒక ముస్టాంగ్ కారు కథ. 1968లో బుల్లిట్ అని ఒక ఇంగ్లీషు సినిమా వచ్చింది, స్టీవ్ మెక్వీన్ హీరో. అందులో పచ్చ రంగు ఫోర్డ్ ముస్టాంగ్ కొండ రోడ్ల మీద ఎగిరి దుంకుతది. షూటింగుకు రెండు కార్లు వాడిండ్రు. అందులో ఒకదాన్ని 1974లో ఒక మామూలు కుటుంబం పత్రికలో ప్రకటన చూసి 6,000 డాలర్లకు కొన్నది. ఇంటి ఇల్లాలు టీచరమ్మ, ఆ కారులోనే బడికి పోయేది. 1980 ప్రాంతంలో క్లచ్ పోయి మూలకు పెట్టిండ్రు. మెక్వీనే 1977లో ఆ కారు తనకు అమ్మమని ఉత్తరం రాసిండు, వాళ్లు అమ్మలేదు. ఉత్తరం మాత్రం దాచిపెట్టుకున్నరు. 2020 జనవరిలో ఫ్లోరిడా రాష్ట్రం కిస్సిమ్మీలో వేలం పెడితే 34 లక్షల డాలర్లకు పాట ఆగింది. కమీషన్ కలిపితే 37 లక్షల 40 వేలు. మన లెక్కన సుమారు 26 కోట్లు.

ఆ కారుకు కొత్త పెయింట్ వేయలేదు. సొట్టలు సొట్టలుగనే ఉన్నయి, తుప్పు తుప్పుగనే ఉన్నది. ఛాసిస్ నంబరు చివర 125559 అని ఉన్నది, సినిమా కంపెనీకి ఇచ్చిన కారు నంబరుతో సరిపోయింది. ఉత్తరం ఉన్నది. ఇంకేం కావాలె?

రెండో కారు నంబరు చివర 125558. అది 2017లో మెక్సికోలో ఒక తుక్కు జాగాలో దొరికింది. ఎవరో తెల్ల పెయింట్ వేసిండ్రు, అసలు ఇంజను లేదు. కొన్నోళ్లు దాన్ని కోసి, ఇంకో సినిమా కారుకు నకలు తయారు చేద్దామనుకున్నరు. అంతలో నంబరు వెతికి చూస్తే సంగతి బయటపడ్డది. చూడకుంటే గ్యాసు కట్టరు కింద పోయేది.

మన దగ్గరికి వస్తే, పాత ట్రాక్టర్లకు కోట్లు రావు. ఆ ఆశ పెట్టుకోవద్దు. మాసీలు లక్షల్లో తయారైనయి, ఇంకా ఊరూర ఉన్నయి. కానీ పంజాబ్, హర్యానాలో పాత హెచ్ఎంటీ 5911 ట్రాక్టర్లను కుర్రోళ్లు వెతికి వెతికి కొంటున్నరు. హెచ్ఎంటీ 1971లో పింజోర్‌లో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది, 2016లో ఆ యూనిట్ మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. ఇగ కొత్తవి రావు, అందుకే పాతదానికి విలువ వచ్చింది. సొంతానికి వాడే యాభై ఏండ్లు దాటిన మోటరు సైకిళ్లు, కార్ల కోసం కేంద్ర సర్కారు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్స్ తెచ్చింది. నంబరులో వీఏ అక్షరాలు వస్తయి, కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేండ్లు చెల్లుతది. షరతు ఏందంటే బండి అసలు రూపంలో ఉండాలె, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అక్కడ గూడ అదే మాట.

మనలో ఎక్కువ మందికి నిజంగ తగిలేది వింటేజ్ కాదు, సెకండ్ హ్యాండ్. నేను కూడ ఒకసారి దెబ్బ తిన్న. "సింగిల్ ఓనర్, తక్కువ గంటలు తిరిగింది" అని రాసిన ట్రాక్టరు పెయింట్ మెరుపు చూసి కొన్న. ఆర్సీ మార్పుకు పోతే ఇంజను మీది నంబరు ఒకటి, కాగితం మీది నంబరు ఒకటి. పైగా ఫైనాన్స్ బాకీ తీరలేదు. ఏడాది తిరిగిన. ఆ ఏడాది దున్నకాలు కిరాయి ట్రాక్టరుతోనే నడిచినయి.

అప్పటి నుంచి ఎవరు అడిగినా ఒకటే చెప్తున్న. బయానా ఇచ్చే ముందు ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు స్వయంగ చదువుకోండి. గ్రీజు ఉంటే గుడ్డకు కిరసనాయిలు తడిపి తుడవండి. అంకెల చుట్టూ గ్రైండరు గీతలు కనపడితే వెనుకకు వచ్చేయండి. ఆర్సీ మీద ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 చేతికి రావాలె. 29, 30 ఫారాల మీద సంతకాలు అయినంకనే పూర్తి పైసలు ఇయ్యండి. తుక్కుకు అమ్మేటోళ్లు కూడ ఆర్సీ రద్దు చేయించుకోండి, లేకుంటే మీ నంబరుతో ఇంకో బండి తిరిగినా పోలీసులు మీ ఇంటికే వస్తరు. మన ఇబ్రహీంపట్నం దిక్కు ప్లాట్ల బ్రోచర్లు చూసి కొన్నోళ్లకు ఈ మాట తొందరగా అర్థమైతది. భూమికి సర్వే నంబరు ఎట్లనో బండికి ఛాసిస్ నంబరు అట్ల.

నిన్న కాక కొట్టంలకు పోయినం. కోళ్లను తోలి, ప్లేటు తుడిస్తే ఛాసిస్ నంబరు మంచిగ కనపడ్డది. ట్రంకుపెట్టెల చేత్తో రాసిన పాత ఆర్సీ పుస్తకం దొరికింది, నంబరు సరిపోయింది. ఇంజను నంబరు మాత్రం సరిపోలేదు. కాకకు యాదికొచ్చింది, ఎప్పుడో బోరింగు పనికి ఇచ్చినప్పుడు మెకానిక్ ఇంజను బ్లాకే మార్చిండట. ఆ సంగతి ఆర్సీల రాయించలేదు.

మనవడు అమ్మకానికి ఫోటోలు పెడుతుంటే, "గీ ఇంజను ముచ్చట రాయకుంటేంది?" అన్నడు. కాక కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "రాయి బిడ్డా. నలభై ఏండ్లు మనకు బువ్వ పెట్టింది. దాని మీద అబద్ధం ఎందుకు?" అన్నడు.

"ఇంజను మార్చబడినది" అని రాసే పెట్టినం. ఇప్పటికి ఇద్దరు ఫోన్ చేసిండ్రు. ఇద్దరు గూడ సేటు చెప్పిన కాంటా ధర కంటే ఎక్కువే అడిగిండ్రు. కాక ఇంకా ఎవరికీ మాట ఇయ్యలేదు.