ఓలి ఇచ్చిన తండాకు కట్నం ఎట్ల వచ్చింది?



మా హాస్టల్ రూముల్లో రాత్రయితే ఒకటే ముచ్చట. ఎవని లవర్ తెల్లగ ఉంది, ఎవనిది సిటీ పిల్ల, ఎవరి జోడీ ఫొటోకు ఎక్కువ లైకులు వచ్చినయి. అమ్మాయిల హాస్టల్‌లో కూడా అంతేనట, పిలగానికి బండి ఉందా, జాబ్ ఉందా అని. ఇదంతా సినిమాల వల్ల అనుకున్నం. తండాల పెద్దోళ్లను అడిగినంక, నాలుగు పుస్తకాలు తిరగేసినంక అర్థమైంది, మనిషిని చూపించుకునే వస్తువు చేసుడు మాతోని మొదలు కాలేదు.

మన లంబాడీలల్ల ఒకప్పుడు మగపెళ్లివారే ఆడపిల్ల ఇంటికి ఓలి కట్టేవారు. రూపాయలు, ఎద్దులు. ఎద్దులే ఎందుకంటే మన బతుకే వాటి మీద ఉండె. ఎద్దుల వీపున ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగిన జాతి మనది. ఆ బిడారులో ఆడమనిషి మగవాళ్లతో సమానంగా కష్టపడేది. ఆమె అత్తగారింటికి పోతే పుట్టింట్ల ఒక పనిమనిషి తగ్గినట్టే, అందుకే ఓలి.

అట్లని ఆ కాలం బంగారం అని మేము అనము. పెళ్లయిందని చెప్పే ఘుగ్రి, టోప్లి, దండచేతి గాజులు అన్నీ ఆమె ఒంటి మీదనే. మగవాని మీద ఏ గుర్తూ లేదు! పెళ్లికూతురు ఏడ్చుకుంట పాడే ఢావ్లో వింటే ఆమె ఎంత ఇష్టంగా పోయిందో తెలుస్తది.

రైళ్లు, రోడ్లు వచ్చి ఎద్దుల వ్యాపారం పోయింది. తండాలు ఒకచోట నిలబడి సేద్యంలోకి దిగినయి. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలో చేరారు. చదువు వచ్చింది, నౌకరీ వచ్చింది. అది మనకు దక్కిన మేలే, దాని వల్లనే మేము ఈ హాస్టల్‌లో ఉన్నం. కానీ తండాకు ఒక్కరో ఇద్దరో నౌకరీ పిలగాండ్లు, ఆడపిల్లల తండ్రులేమో పది మంది. పక్క ఊర్ల కట్నం పద్ధతి కండ్ల ముందే ఉంది. నౌకరీ అల్లుడు దొరికితే తండాల తలెత్తుకోవచ్చు. అట్ల ఓలి తిరగబడి కట్నమైంది, 1961లోనే చట్టం కట్నాన్ని నేరం అన్నా సరే.

దాని ఖరీదు ఎవరు కట్టిండ్రు? 1999లో, 2001లో తండాల పసిబిడ్డలను దత్తత పేరుతో అమ్మిన కేసులు బయటపడ్డయి. అందులో ఎక్కువ ఆడపిల్లలే. పేదరికం ఉంది, కరువు ఉంది, కాదనం. బిడ్డ పుట్టంగనే కట్నం లెక్క యాదికొచ్చే ఇండ్లు కూడా ఉన్నయి.

మొన్న మా సీనియర్ అన్నకు కానిస్టేబుల్ జాబ్ వచ్చింది. నాలుగేండ్ల నుంచి ఇష్టపడిన అక్క మన తండా పిల్లనే, బీఈడీ చదువుతోంది. రిజల్ట్ వచ్చిన వారానికే అన్న వాళ్ల బాపు వేరే సంబంధం తెచ్చిండు, కారు ఇస్తరట. అన్న రెండు రోజులుగా ఆ అక్క ఫోన్ ఎత్తుతలేడు. మేము పక్క మంచం మీదనే ఉన్నం, ఇంకా ఒక్క మాట అనలేదు.