పళ్ల కుర్చీ ముందు పిల్లలు

పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా యూరప్‌లోనూ అమెరికాలోనూ పిల్లల పంటికి వైద్యం అంటే పీకడమే. పాలపళ్లు ఎలాగూ ఊడిపోయేవే కదా అని ఇంట్లోవాళ్లూ ఊరుకునేవారు, పళ్ల డాక్టర్లూ ఊరుకునేవారు. పుచ్చిన పన్ను రాత్రంతా పోటు పెట్టి, బుగ్గ వాచి, బిడ్డ తిండి మానేశాక గానీ వైద్యం సంగతి ఎవరికీ గుర్తుకొచ్చేది కాదు. అప్పటికే నిద్రలేక, ఏడ్చి ఏడ్చి డస్సిపోయిన పిల్లను కూర్చోబెట్టి, ముక్కూ మొహం తెలియని మనిషి పట్టకారుతో నోరు తెరవమనేవాడు. పళ్ల వైద్యంతో ఆ పిల్లకు తొలి పరిచయం అదే. పళ్ల డాక్టరంటే జంకే పెద్దవాళ్లను కదిలిస్తే చాలామంది చెప్పేది ఇలాంటి చిన్ననాటి అనుభవమే.

నొప్పి తెలియకుండా చేసే మార్గాలు వెతికినవాళ్లలో పళ్ల డాక్టర్లే ముందున్నారు. 1844 డిసెంబరు 10న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో గార్డ్‌నర్ కోల్టన్ జనానికి వినోదంగా నైట్రస్ ఆక్సైడ్ ప్రదర్శన జరిపాడు. ఆ గ్యాస్ పీల్చిన ఒకతను కాలికి దెబ్బ తగిలినా గమనించకపోవడం హొరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టరు కంటబడింది. మర్నాడే వెల్స్ అదే గ్యాస్ పీల్చి, తోటి డాక్టరు చేత తన పన్ను పీకించుకున్నాడు. 1846లో మరో పళ్ల డాక్టరు విలియం మోర్టన్ బోస్టన్‌లో ఈథర్ వాడి చూపించాడు. 1884లో కొకైన్, 1905 ప్రాంతంలో నొవొకైన్ వచ్చాయి. అయితే వీటి వల్ల తేలికైంది ఎక్కువగా పన్ను పీకడమే. పుచ్చు తొలిచి నింపే పని మాత్రం బాధగానే మిగిలింది. 1871లో జేమ్స్ మోరిసన్ పేటెంటు పొందిన, కాలితో తొక్కే డ్రిల్లు అప్పటికి గొప్ప సౌకర్యం. కానీ దాని వేగం నిమిషానికి రెండు వేల చుట్లకు మించేది కాదు. నెమ్మదిగా తిరిగే ములుకు పంటిని అదరగొట్టేది, వేడెక్కించేది, ఒక్క పుచ్చు తీయడానికే చాలాసేపు పట్టేది.

పిల్లల పళ్లను ముందే చూడాలన్న ఆలోచన బడి దారిన వచ్చింది. స్కాట్లండ్‌లోని డండీకి చెందిన విలియం ఫిషర్ 1885లో బడిపిల్లల పళ్ల సంరక్షణ తప్పనిసరి చేయాలని వాదించాడు. 1902లో స్ట్రాస్‌బర్గ్‌లో ఎర్నెస్ట్ జెస్సెన్ ఆధ్వర్యంలో పురపాలక సంఘం తరఫున బడిపిల్లల పళ్ల ఆసుపత్రి తెరిచారు. 1907లో కేంబ్రిడ్జిలో అలాంటిదే వచ్చింది. నొప్పి రాకముందే పిల్లలు పళ్ల డాక్టరును చూడటం మొదలైంది ఇలాంటి చోట్లే.

అమెరికాలో ఎవాంజెలిన్ జోర్డన్ అనే డాక్టరమ్మ 1909లో లాస్ ఏంజెలెస్‌లో తన వైద్యాన్ని పిల్లలకే పరిమితం చేసుకుంది. పాలపళ్లకు వైద్యం చేయడమే దండగ అనుకునే రోజుల్లో అది చిన్న సాహసం కాదు. 1925లో ఆమె రాసిన పుస్తకాన్ని పిల్లల దంతవైద్యంలో తొలి పాఠ్యగ్రంథాల్లో ఒకటిగా లెక్కిస్తారు. పిల్లల కేకలు మాన్పించడానికి నోటికి గుడ్డ అడ్డుపెట్టి పట్టుకోవాలని 1920ల్లో రాసింది కూడా ఆమే. పిల్లల కోసం జీవితం ధారపోసిన మనిషికే ఇది సబబుగా తోచిందంటే, పిల్లల ఏడుపును ఆనాటి వైద్యలోకం ఎలా చూసేదో అర్థమవుతుంది. ఏడుపును మొండితనం అనుకున్నారు, దాన్ని అణచాలనుకున్నారు. ఈ పద్ధతి ఆ తర్వాత ఎనభై ఏళ్లు బతికింది.

పిల్లల భయం ఎలా తయారవుతుందో తెలుసుకోవడానికి న్యూజిలాండ్ కథను మించిన పాఠం దొరకదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరవచ్చిన యువకుల పళ్లు ఎంత అధ్వాన్నంగా ఉన్నాయో ఆ దేశం కళ్లారా చూసింది. సైన్యంలో పళ్ల వైద్య విభాగాన్ని నడిపిన థామస్ హంటర్, బాగు చేయడం బడి ఈడు నుంచే మొదలవ్వాలని పట్టుబట్టాడు. దేశమంతటికీ సరిపడా డాక్టర్లు లేరు. అందుకని యువతులకు రెండేళ్ల శిక్షణ ఇచ్చి, పిల్లల పళ్లు నింపడం, పీకడం వాళ్లకే అప్పగించాలన్నది అతని పథకం. పిల్లలతో ఓర్పుగా మెలగడం ఆడవాళ్లకే బాగా వస్తుందని కూడా దాన్ని సమర్థించినవాళ్లు వాదించారు. 1921లో వెల్లింగ్టన్‌లో శిక్షణ మొదలైంది. క్రమంగా దేశంలో చాలా బళ్ల ఆవరణల్లో పళ్ల వైద్యానికి ఒక చిన్న కట్టడం వెలిసింది. తెల్ల దుస్తుల నర్సు అక్కడే ఉండి ఆరు నెలలకోసారి ప్రతి పిల్లవాణ్ణీ పిలిచి చూసేది. డబ్బు ఖర్చు లేదు, దూరం వెళ్లనక్కర్లేదు, కొత్త మనిషీ కాదు. మలయా, బ్రిటన్ లాంటి చోట్ల ఈ పద్ధతిని ఆదర్శంగా తీసుకున్నారు.

అయితే ఆ దేశపు పిల్లలు ఆ చిన్న కట్టడానికి పెట్టిన పేరు ‘మర్డర్ హౌస్’. ఒక తరం నుంచి ఇంకో తరానికి ఆ పేరు పాకింది. తాతలు, తండ్రులు, మనవలు అందరూ అదే పేరు వాడారు.

నర్సులు కఠినాత్ములేమీ కారు. చికిత్స అయ్యాక దూది చుట్టలతో తేనెటీగ బొమ్మలు చేసి పిల్లల చేతిలో పెట్టేవారు. ఆ బొమ్మలను పెద్దయ్యాక కూడా ప్రేమగా తలచుకున్నవాళ్లు ఎందరో. తప్పు మనుషులది కాదు, పని జరిగే తీరుది. మొదటి దశాబ్దాల్లో డ్రిల్లు కాలితో తొక్కేదే, ఆ తర్వాత కూడా నెమ్మదిగా తిరిగేదే. పన్ను నింపడానికి మత్తు సూది ఇవ్వడం అరుదు. పిల్లలు తల్లి పక్కన లేకుండా తరగతిలోంచి ఒంటరిగా వెళ్లాలి. లోపల ఏం జరుగుతుందో ముందుగా ఎవరూ చెప్పరు, నొప్పెడితే ఆపమని అడిగే వీలూ లేదు. వైద్యం అయిన పిల్లవాడు తరగతికి తిరిగొచ్చి తర్వాతి పేరు చెప్పేదాకా మిగతావాళ్లు గుండె చిక్కబట్టుకుని కూర్చునేవారు. లోపలికి వెళ్లొచ్చినవాళ్లు చెప్పే కథలు వెళ్లనివాళ్లను ఇంకా బెదరగొట్టేవి. ఆ రోజుల్లో చిన్న మచ్చ కనబడినా తొలిచి నింపడం వైద్యధర్మంగా ఉండేది కాబట్టి నింపిన పళ్ల సంఖ్య కూడా ఎక్కువే. 1970ల్లో ఆ ప్రమాణాలు మార్చుకున్నారు. ఫ్లోరైడు టూత్‌పేస్టు వాడకం పెరిగింది. నింపాల్సిన పళ్లు బాగా తగ్గాయి.

అంటే ఉచితంగా అందించినంత మాత్రాన, దగ్గరికి తెచ్చినంత మాత్రాన, దయగల చేతులు పెట్టినంత మాత్రాన భయం పోలేదు. బాధ, ఏమవుతుందో తెలియకపోవడం, తన మాట చెల్లకపోవడం అనే మూడూ ఉన్నంతకాలం అది పెరుగుతూనే వచ్చింది. ఆ తర్వాతి చరిత్ర ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా తొలగించిన చరిత్రే.

బాధ సంగతి యంత్రాలూ మందులూ చూసుకున్నాయి. స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేసిన లిడొకైన్ 1948లో బజారుకొచ్చింది. నొవొకైన్ కంటే అది త్వరగా, గట్టిగా పనిచేసేది. 1957లో అమెరికాలో జాన్ బోర్డెన్ రూపొందించిన గాలి టర్బైన్ డ్రిల్లు నిమిషానికి దాదాపు 3 లక్షల చుట్లు తిరిగేది. పంటి అదురు పోయింది, పని నిమిషాల్లో ముగిసింది. దాని కీచుమనే చప్పుడు మాత్రం పిల్లల భయాల జాబితాలో కొత్తగా చేరింది.

తెలియనితనాన్ని పోగొట్టే మార్గం దాదాపు అదే సమయంలో దొరికింది. 1959లో హెరాల్డ్ అడెల్‌స్టన్ అనే అమెరికన్ డాక్టరు చెప్పడం, చూపించడం, చేయడం అనే మూడు మెట్ల పద్ధతిని ప్రతిపాదించాడు. ముందు పిల్లకు అర్థమయ్యే మాటల్లో చెబుతారు: ఇది నీ పంటిని కడిగే చిన్న బ్రష్షు, గిర్రున తిరుగుతుంది. తర్వాత ఆ బ్రష్షును పిల్ల గోరు మీద తిప్పి చూపిస్తారు. గోటికి గిలిగింత పెట్టిందే తప్ప మరేమీ కాలేదని పిల్ల తానే తెలుసుకున్నాక, చెప్పింది చెప్పినట్టే నోట్లో చేస్తారు. చెప్పినదానికీ చేసినదానికీ తేడా రాకూడదన్నది ఇందులో ప్రాణం. ఒక్కసారి మాట తప్పితే ఆ పిల్ల మళ్లీ నమ్మదు. నేటికీ ప్రపంచమంతటా పిల్లల దంతవైద్యంలో మొదట నేర్పేది ఈ పద్ధతే.

తల్లిని లోపలికి రానివ్వాలా వద్దా అన్న ప్రశ్న మీద చాలాకాలం గట్టి పట్టుదలలు నడిచాయి. తల్లి ఉంటే పిల్లలు మారాం చేస్తారని ఆమెను బయటే కూర్చోబెట్టడం అలవాటుగా ఉండేది. 1962లో బోస్టన్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన స్పెన్సర్ ఫ్రాంకెల్, అతని సహచరులు దీన్ని పరిశీలించారు. మూడున్నర, నాలుగేళ్ల పిల్లలు తల్లి దగ్గరుంటేనే మెరుగ్గా ఉన్నారని, అంతకంటే పెద్ద పిల్లల్లో పెద్దగా తేడా లేదని తేలింది. ఆ పరిశీలన కోసం వాళ్లు పిల్లల తీరును నాలుగు తరగతులుగా విభజించారు. పూర్తిగా ఎదురు తిరిగేవాళ్లు ఒక కొసన, ఇష్టంగా సహకరించేవాళ్లు మరో కొసన. ఆ కొలమానాన్ని పిల్లల డాక్టర్లు ఈనాటికీ కేసు షీట్లలో రాస్తున్నారు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ రంగంలో అడుగుపెట్టాక ప్రశ్నే మారింది. ఈ పిల్లను ఎలా లొంగదీయాలి అని అడిగేవాళ్లు, ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది అని అడగసాగారు. భయం మూడు దారుల్లో చేరుతుందని స్టాన్లీ రాక్‌మన్ 1977లో వివరించాడు: తనకు జరిగినదాని వల్ల, ఇంకొకరు భయపడటం చూసి, ఎవరో చెప్పింది విని. చూసి భయపడగలిగినప్పుడు చూసి ధైర్యం తెచ్చుకోవడమూ సాధ్యమే. 1967లో ఆల్బర్ట్ బండూరా బృందం కుక్కలంటే భయపడే పిల్లలకు, కుక్కతో హాయిగా ఆడుకునే మరో పిల్లవాణ్ణి చూపించింది. వాళ్లలో చాలామంది కుక్క దగ్గరికి వెళ్లగలిగారు. 1975లో బార్బరా మెలమెడ్ బృందం దీన్నే పళ్ల కుర్చీకి తెచ్చింది. తన ఈడు పిల్లవాడొకడు పన్ను బాగు చేయించుకునే ఫిల్ము ముందుగా చూసిన పిల్లలు, సంబంధం లేని ఫిల్ము చూసిన పిల్లల కంటే కుదురుగా కూర్చున్నారు.

మాట చెల్లే హక్కు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. నొప్పెడితే చెయ్యి ఎత్తు, ఆపేస్తాను అని డాక్టరు ముందే ఒప్పందం చేసుకోవడం, ఎత్తగానే నిజంగా ఆపడం ఇప్పుడు మామూలు సంగతి. కానీ నోటి మీద చెయ్యి పెట్టి కేకలు మాన్పించే పాత పద్ధతి అమెరికాలో చాలాకాలం పాఠంగానే సాగింది. 1984లో కొందరు పరిశోధకులు రకరకాల పద్ధతులను వీడియోలో తల్లిదండ్రులకు చూపించి అడిగారు. చెప్పి చూపించి చేసే పద్ధతిని వాళ్లు మెచ్చారు, నోరు మూయించే పద్ధతిని ఇష్టపడలేదు. అయినా అమెరికా పిల్లల దంతవైద్యుల అకాడమీ దాన్ని తన మార్గదర్శకాల్లోంచి తీసేసింది 2006లో. ఇంత సాదా సంగతికి ఇంతకాలం పట్టడం ఆ వృత్తికి గర్వపడే విషయం కాదు.

అసలు డ్రిల్లే లేకపోతే? ఈ ప్రశ్నకు జవాబు పేద దేశాల అవసరంలోంచి పుట్టింది. 1980ల మధ్యలో టాంజానియాలో కరెంటు లేని చోట్ల యో ఫ్రెంకెన్ అనే డచ్ డాక్టరు చిన్న చెంచా లాంటి చేతి పనిముట్టుతో మెత్తబడిన పుచ్చును గీకి తీసి, పంటికి అంటుకునే సిమెంటు నింపాడు. చప్పుడు లేదు, చాలాసార్లు సూదీ అక్కర్లేదు. స్కాట్లండ్‌లో నోర్నా హాల్ అనే డాక్టరమ్మ ఇంకో అడుగు ముందుకు వేసింది. పుచ్చును తొలవకుండానే పాలపంటి మీద రెడీమేడ్ లోహపు తొడుగు సిమెంటుతో బిగించేది. లోపల చిక్కుకున్న సూక్ష్మజీవులకు తిండి అందక పుచ్చు అక్కడితో ఆగిపోతుంది. 2006లో డండీ పరిశోధకులు ఆమె పాత రికార్డులను ప్రచురించారు. మరుసటి ఏడాది 132 మంది పిల్లల మీద జరిగిన పరిశీలనలో పిల్లలు, తల్లిదండ్రులు, డాక్టర్లు ఎక్కువమంది ఆ పద్ధతికే మొగ్గారు.

భారతదేశంలో పిల్లల దంతవైద్యుల సంఘం 1979లో ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని డెంటల్ కాలేజీల్లో పిల్లల దంతవైద్యానికి ప్రత్యేక విభాగాలున్నాయి. పైన చెప్పిన పద్ధతులన్నీ అక్కడ పాఠాలే. కానీ రాక్‌మన్ చెప్పిన మూడో దారి మన ఇళ్లలో బార్లా తెరిచే ఉంది. అన్నం తినకపోయినా, అల్లరి చేసినా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి సూది పొడిపిస్తాననే బెదిరింపు వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు తక్కువ. పాలపళ్లు ఊడిపోయేవే కదా అన్న పాత మాట కూడా ఇంకా చెల్లుబాటులోనే ఉంది. దాంతో మొదటిసారి వెళ్లేసరికి బుగ్గ వాచి ఉంటుంది. అప్పుడు ఏ డాక్టరుకైనా బాధ పెట్టకుండా పని ముగించడం కష్టం.

అందుకే ఇప్పుడు మొదటి పన్ను వచ్చాక, ఏడాది నిండేలోపే బిడ్డను ఒకసారి చూపించమంటున్నారు. ఆ రోజు కుర్చీ ఎక్కించే పనే లేదు. తల్లీ డాక్టరూ మోకాళ్లకు మోకాళ్లు ఆనించి ఎదురెదురుగా కూర్చుంటారు. బిడ్డ తల్లి వైపు మొహం పెట్టి ఆమె ఒడిలో కూర్చుని, అలాగే వెనక్కి వాలి డాక్టరు ఒళ్లో తల ఆనిస్తుంది. చేతులు తల్లి చేతుల్లోనే ఉంటాయి, పైకి చూస్తే తల్లి మొహమే కనిపిస్తుంది. డాక్టరు పళ్లు లెక్కబెట్టి, చిగుళ్లు చూసి, ఎలా తోమాలో తల్లికి చూపిస్తుంది. బిడ్డ కాస్త ఏడ్చినా ఫరవాలేదు, ఆ ఈడుకు అది సహజం. నోరు తెరిచినప్పుడల్లా పళ్లు ఇంకా బాగా కనిపిస్తాయి. రెండు మూడు నిమిషాల్లో పరీక్ష అయిపోయి బిడ్డ మళ్లీ తల్లి భుజం మీదికి చేరుతుంది. సాధారణంగా ఆరు నెలలకు మళ్లీ రమ్మంటారు.